నెత్తిన బోనం, పక్కన ఒక చేయి

అమ్మవారికి సమర్పించే బోనాన్ని ఎవరికి వారు ఎత్తుకోవడం చాలా కష్టం. అడుగున అన్నం వండిన కుండ, దాని మీద మూతగా చిన్న గిన్నె, ఆ పైన నూనె పోసి వెలిగించిన దీపం, కుండ మెడ చుట్టూ వేపమండలు ఉంటాయి. ఇంత ఎత్తుగా పేర్చినదాన్ని దీపం ఆరకుండా, పసుపు పూత మీది బొట్లు చెరగకుండా నేల మీంచి తీసి తన తల మీద తానే నిలుపుకోవాలి. అందుకే ఆషాఢ మాసంలో హైదరాబాద్ లాల్‌దర్వాజా గల్లీల్లో బోనం లేచే గడప దగ్గర ఎప్పుడూ రెండో మనిషి కనిపిస్తుంది. అత్తో, తోడికోడలో, పక్కింటావిడో ముందు తల మీద గుడ్డచుట్ట సర్దుతుంది. కుండను రెండు చేతులా ఎత్తి పెడుతుంది. బరువు కుదిరిందని కళ్లతో సైగ అందాకే చేతులు తీస్తుంది. "పైలం బిడ్డా" అని ఒక మాట అంటుంది. అంతకు మించి ఏమీ చెయ్యదు.

గుడికి వెళ్లి వచ్చిన స్త్రీని ఎలా ఉందని అడిగితే మనసు నిండిందనో, బరువు దిగిందనో, అమ్మ దయ అనో చెబుతుంది. గడప దగ్గరి చేయి సంగతి సాధారణంగా ఆ జవాబులో ఉండదు. మనస్తత్వ శాస్త్రంలో గత ముప్పై ఏళ్లుగా జరుగుతున్న కొన్ని పరిశోధనలు మాత్రం ఆ చేతి దగ్గరే ఎక్కువసేపు ఆగాయి. ఆధ్యాత్మిక ఆనందం అని జనం పిలిచే అనుభవంలో చెప్పుకోదగ్గ భాగం ఇలాంటి చిన్న ఆసరాల గుండానే మనిషికి చేరుతోందని అవి చూపిస్తున్నాయి. దేవత ఉందా లేదా అన్నది ఆ పరిశోధనల ప్రశ్న కాదు. నమ్మకం ఉన్నవాళ్లలోనే కొందరికి ఆ ఆనందం ఎందుకు దక్కుతోంది, కొందరికి ఎందుకు దక్కడం లేదు అన్నదే అవి అడిగే ప్రశ్న.

భయంలో పుట్టిన పండుగ

లాల్‌దర్వాజా ఒకప్పుడు హైదరాబాద్ కోటగోడకున్న ద్వారాల్లో ఒకటి. గోడ పోయింది, పేరు మాత్రం వాడకు మిగిలింది. చార్మినార్‌కు దక్షిణాన, శాలిబండ పక్కన ఉన్న ఈ వాడలో సింహవాహిని మహంకాళి ఆలయం ఉంది. జంటనగరాల ఆషాఢ బోనాలు గోల్కొండలో మొదలవుతాయి. తర్వాత సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి ఆలయం వంతు, చివరగా లాల్‌దర్వాజాతో పాటు పాతనగరం వంతు. 2014లో తెలంగాణ ప్రభుత్వం బోనాలను రాష్ట్ర పండుగగా ప్రకటించింది.

ఈ పండుగ చరిత్రలో రెండు ఆపదలు పదేపదే వినిపిస్తాయి. మొదటిది 1813 ప్రాంతపు మహమ్మారి. సైనిక పటాలంలో పనిచేస్తూ ఉజ్జయినికి వెళ్లిన సురిటి అప్పయ్య, వ్యాధి తగ్గితే తన ఊళ్లో అమ్మవారిని నిలుపుతానని అక్కడి మహంకాళికి మొక్కుకున్నాడని, 1815లో సికింద్రాబాద్‌లో ఆ మొక్కు తీర్చుకున్నాడని చెబుతారు. రెండోది 1908 సెప్టెంబర్ 28 నాటి మూసీ వరద. ఒక్కరోజులో సుమారు 15,000 మంది చనిపోయారని అంచనా. అఫ్జల్‌గంజ్ దగ్గర ఇప్పటికీ నిలిచి ఉన్న చింతచెట్టు ఎక్కి 150 మంది దాకా బతికారు. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ తల్లిని, భార్యను, కూతురిని కళ్లముందే పోగొట్టుకున్నారు. ఆ తర్వాతి కాలంలో ఆయన సూఫీ తత్వం నిండిన రుబాయీలకు పేరుపడ్డారు. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్, ప్రధాని మహారాజా కిషన్ పర్షాద్ సలహా మేరకు లాల్‌దర్వాజా అమ్మవారికి పూజ చేయించి, ముత్యాలు, పసుపు కుంకుమలు మూసీకి సమర్పించాడని, ఆ తర్వాతే నది శాంతించిందని ఆలయ సంప్రదాయం చెబుతుంది.

వరద తగ్గడానికి కారణం పైన వానలు ఆగడమేనని విజ్ఞానశాస్త్రం చెబుతుంది. కానీ ఆ కథలో విజ్ఞానశాస్త్రానికి పనికొచ్చే సంగతి ఒకటుంది. ఇళ్లూ మనుషులూ కొట్టుకుపోయిన జనం దగ్గరికి పాలకుడు స్వయంగా దిగివచ్చి, తన మతానిది కాని దేవత ముందు వాళ్లతో పాటు నిలబడ్డాడని ఆ జనం గుర్తుపెట్టుకున్నారు. నూరేళ్లు దాటినా చెప్పుకుంటున్నారు. ఆయన ఎంత ధనం ఖర్చు పెట్టాడో ఆ కథ చెప్పేవాళ్లు పట్టించుకోరు. పక్కన నిలబడ్డాడు అన్నదే వాళ్లకు ముఖ్యం.

గడప నుంచి గుడి దాకా

బోనం నడిచే దారిలో దొరికే ప్రోత్సాహాన్ని వరుసగా చూస్తే, దాన్ని ఎవరూ ప్రోత్సాహం అనుకోరని ముందుగా అర్థమవుతుంది. అది మర్యాద, ఆనవాయితీ, అమ్మవారి సేవ. తెల్లవారకముందే వాకిట్లో సాన్పి చల్లి ముగ్గు వెయ్యడం దగ్గర్నుంచి అది మొదలవుతుంది. తన వాకిలి వరకే కడిగి ఊరుకోవడం పాత గల్లీల్లో మర్యాద కాదు. బోనం నడిచే దారి కాబట్టి పక్కవాకిలి కూడా కలుపుకుంటారు.

తర్వాత డప్పు. ముందు నడిచే డప్పు బృందం పని శబ్దం చెయ్యడంతో అయిపోదు. వెనక నడిచే ఆడవాళ్ల అడుగు దాని మీదే ఆధారపడుతుంది. తల మీద దీపం ఉన్న మనిషి కిందికి చూడలేదు, తల తిప్పలేదు. గుంత ఎక్కడుందో, మలుపు ఎప్పుడొస్తుందో పక్కన నడిచే చెల్లెలో, కొడుకో చెప్పాలి. "మెట్టుంది", "జర ఆగు", "వచ్చేసినం, ఇంక ఒక్క మలుపే" వంటి మాటలు దారి పొడవునా వినిపిస్తాయి. చివరి మాట చాలాసార్లు అబద్ధం. ఇంకా నాలుగు మలుపులుంటాయి. మంచి ఉద్దేశంతో ఆడిన ఆ అబద్ధాన్ని మోసేవాళ్లు కూడా నమ్మినట్టే నడుస్తారు.

దారి పక్క ఇళ్ల వాళ్లు బిందెలతో నీళ్లు పట్టుకుని నిలబడతారు. బోనం ఎత్తిన స్త్రీ దగ్గరికి రాగానే వంగి ఆమె పాదాల మీద నీళ్లు పోస్తారు. బోనం మోసే స్త్రీ మీద అమ్మవారు ఉంటుందని, ఆమె ఉగ్రాన్ని చల్లబరచాలని నమ్మకం. ఎండ కాసిన రోజున చెప్పుల్లేని కాళ్లకు ఆ నీళ్లు వేరే రకంగానూ ఉపకారమే. కానీ నీళ్లు పోసే ముసలావిడకు, పోయించుకునే పాతికేళ్ల అమ్మాయికి ఒకరికొకరు పరిచయం ఉండనక్కర్లేదు. వయసులో పెద్దది వంగుతుంది, చిన్నది నిలబడి అందుకుంటుంది. ఏడాదిలో మిగతా రోజుల్లో ఈ దృశ్యం తలకిందులుగా ఉంటుంది.

ఎవరికైనా పూనకం వస్తే చుట్టూ ఉన్నవాళ్లు చేసే పనులు కూడా అలవాటుపడినవే. ఒకరు ముందు బోనం అందుకుంటారు. ఇద్దరు వెనక నుంచి నడుము పట్టుకుంటారు. వేపకొమ్మలు, పసుపునీళ్లు, నిమ్మకాయ వస్తాయి. "శాంతించు తల్లీ" అంటూ సాక (పసుపు, వేపాకు కలిపిన నీళ్లు) పోస్తారు. ఆమె పడిపోకూడదు, దెబ్బ తగలకూడదు, చీర చెదరకూడదు. ఈ మూడూ చూసుకునే ఆడవాళ్లు ప్రతి గుంపులోనూ ఉంటారు. పూనకాలు వచ్చే శివసత్తులతో కలిసి నడిచిన అనుభవం ఉన్న పెద్దవాళ్లకు ఎప్పుడు పట్టుకోవాలో, ఎప్పుడు వదలాలో బాగా తెలుసు. ఒళ్లంతా పసుపు పూసుకుని, కాళ్లకు గజ్జెలు కట్టి, కొరడా ఝళిపించే పోతరాజుకైతే ప్రోత్సాహం ఈలల రూపంలో, దండల రూపంలో వస్తుంది. అమ్మవారికి తమ్ముడి స్థానం అతనిది. ఎంత ఊగినా, ఎంత గర్జించినా అక్క ఊరేగింపుకు దారి చెయ్యడమే అతని పని.

ఇంటికి తిరిగొచ్చాక బోనంలోని అన్నాన్ని ప్రసాదంగా పంచుతారు. పెళ్లయిన ఆడబిడ్డలు పుట్టింటికి వచ్చే రోజు కూడా ఇదే. మరుసటి రోజు సోమవారం భవిష్యవాణి చెప్పే రంగం, అమ్మవారి కలశాలైన ఘటాల ఊరేగింపు. హరిబౌలి అక్కన్న మాదన్న ఆలయం నుంచి ఏనుగు మీద ఘటం బయలుదేరి చార్మినార్ మీదుగా నయాపూల్ దాకా సాగుతుంది. టీవీల్లో కనిపించేది ఎక్కువగా ఈ సోమవారమే. ఈ అధ్యాయానికి కావలసిన సంగతి మాత్రం చాలా వరకు ఆదివారం గల్లీల్లోనే జరిగిపోతుంది.

గుంపు ఒక్కటే చాలదు

ఫ్రెంచ్ సమాజ శాస్త్రవేత్త ఎమిల్ డ్యుర్కైమ్ 1912లో మతం మీద రాసిన గ్రంథంలో ఒక వాదం పెట్టాడు. జనం ఒకచోట చేరి ఒకే పని చేస్తున్నప్పుడు వాళ్లలో ఒక ఉద్వేగం పొంగుతుంది. తనకన్నా పెద్దదేదో తనను ఎత్తుకున్నట్టు మనిషికి అనిపిస్తుంది. ఆ శక్తినే మనిషి దైవంగా గుర్తిస్తాడు. డ్యుర్కైమ్ దీన్ని ఆస్ట్రేలియా ఆదివాసుల గురించి ఇతరులు రాసిన పుస్తకాలు చదివి చెప్పాడు, స్వయంగా ఏ జాతరకూ వెళ్లలేదు. ఆ లోటు అతని వాదంలో కనిపిస్తుంది. గుంపు ఉంటే చాలు ఉద్వేగం దానంతటదే వస్తుందన్నట్టు రాశాడు. కిక్కిరిసిన బస్సులో రోజూ ప్రయాణించే నగరవాసులకు గుంపు ఒక్కటే ఆనందం ఇవ్వదని వేరే చెప్పనక్కర్లేదు.

గుంపులో ఇంకేం కావాలో తేల్చే పని భారతదేశంలోనే జరిగింది. అలహాబాద్ (ఇప్పటి ప్రయాగ్‌రాజ్) మాఘమేళాలో నెలరోజులు గంగ ఒడ్డున గుడారాల్లో ఉండే కల్పవాసుల మీద భారత, బ్రిటన్ శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి పరిశోధన చేశారు. శ్రుతి తివారి, స్టీఫెన్ రైకర్, నిక్ హాప్కిన్స్ ఆ బృందంలోని వాళ్లు. 2012లో వెలువడిన వాళ్ల వ్యాసంలో 416 మంది యాత్రికులను, అదే ప్రాంతాల నుంచి మేళాకు వెళ్లని 127 మందిని పోల్చారు. మేళాకు నెల ముందు ఒకసారి, ముగిసిన నెల తర్వాత మరోసారి ప్రశ్నలు అడిగారు. గడ్డకట్టే చలి, చన్నీటి స్నానం, రాత్రింబగళ్లు మైకుల మోత, అంతంత మాత్రం పారిశుధ్యం. వైద్యుడెవరూ సిఫారసు చెయ్యని పరిస్థితులవి. పైగా వెళ్లేవాళ్లలో వయసు మళ్లినవాళ్లే ఎక్కువ. అయినా తిరిగొచ్చిన నెల తర్వాత, వెళ్లనివాళ్లతో పోలిస్తే తమ ఆరోగ్యమూ మనసూ మెరుగుపడ్డాయని వాళ్లు చెప్పారు.

కారణం కోసం ఆ బృందం తర్వాత చేసిన అధ్యయనాలు లాల్‌దర్వాజాకు సరిగ్గా సరిపోతాయి. మేలు పొందినవాళ్లు తోటి యాత్రికులను తమవాళ్లుగా భావించినవాళ్లు. ఆ భావన కూడా ఊరికే రాదు. దారి ఇవ్వడం, బరువు పట్టడం, చలికి దుప్పటి పంచుకోవడం, తెలియని మనిషి పలకరించడం లాంటివి జరిగినప్పుడు వస్తుంది. తన అవసరాన్ని ఎదుటివాళ్లు అడగకుండానే గుర్తిస్తారన్న నమ్మకం కుదిరాక చలి, మోత కూడా వేరుగా అనుభవానికి వచ్చాయి. డ్యుర్కైమ్ చెప్పిన పొంగుకు నిప్పు ఎక్కడి నుంచి వస్తుందో ఇక్కడ కొంత తెలిసింది.

శరీరం ఏం చెబుతుంది

పక్కన మనిషి ఉండటం వల్ల బరువు నిజంగా తగ్గదు, తగ్గినట్టు అనిపించవచ్చు. సిమోన్ ష్నాల్, ఆమె సహచరులు 2008లో ప్రచురించిన ప్రయోగం ఈ విషయం మీదే. వీపున బరువైన సంచితో కొండ అడుగున నిలబడి ఏటవాలు ఎంతుందో అంచనా వెయ్యమన్నారు. ఒంటరిగా నిలబడినవాళ్లకన్నా స్నేహితుడు పక్కనున్నవాళ్లకు కొండ తక్కువ నిటారుగా కనిపించింది. స్నేహం పాతదయ్యేకొద్దీ వాలు ఇంకా తగ్గింది. ఈ తరహా ప్రయోగాల మీద తీవ్రమైన విమర్శ కూడా ఉంది. ప్రయోగం ఉద్దేశాన్ని పాల్గొన్నవాళ్లు ఊహించి, దానికి తగినట్టు జవాబులిచ్చి ఉండవచ్చని కొందరు శాస్త్రవేత్తల వాదన. కాబట్టి దీని మీద పెద్ద మేడ కట్టకూడదు.

జేమ్స్ కోన్ 2006 నాటి ప్రయోగం కొంచెం గట్టి నేల మీద నిలుస్తుంది. పదహారు మంది వివాహిత స్త్రీలను మెదడు స్కానింగ్ యంత్రంలో పడుకోబెట్టి, చిన్న విద్యుత్ షాక్ తగలవచ్చని హెచ్చరించారు. ఒంటరిగా ఉన్నప్పుడు ఒకసారి, అపరిచితుడి చేయి పట్టుకున్నప్పుడు ఒకసారి, భర్త చేయి పట్టుకున్నప్పుడు ఒకసారి మెదడు చిత్రాలు తీశారు. భర్త చేయి పట్టుకున్నప్పుడు ప్రమాదానికి స్పందించే మెదడు భాగాలు ఎక్కువగా నెమ్మదించాయి. దాంపత్యం బాగున్నవాళ్లలో ఆ ప్రభావం ఇంకా ఎక్కువ. అపరిచితుడి చేయి కూడా పూర్తిగా వృథా కాలేదు, కొంత పని చేసింది. పాదాల మీద నీళ్లు పోసే తెలియని ముసలావిడ విషయంలో ఇది గమనించదగ్గది.

డప్పు సంగతికి వస్తే, ఆక్స్‌ఫర్డ్‌లో రాబిన్ డన్‌బార్ బృందానికి చెందిన బ్రోన్విన్ టార్ 2015లో బ్రెజిల్ విద్యార్థులతో చేసిన ప్రయోగం ఉంది. అందరూ ఒకే లయలో నాట్యం చేసినప్పుడు, ఎవరికి వారు వేరే అడుగులు వేసినప్పుడు నొప్పిని ఎంత ఓర్చుకోగలరో రక్తపోటు చూసే పట్టీ బిగించి కొలిచారు. ఒళ్లు అలసేలా ఆడినా ఓర్పు పెరిగింది, ఇతరులతో లయ కలిపి ఆడినా పెరిగింది. ఒంట్లో సహజంగా ఊరే నొప్పినివారిణులు, ఎండార్ఫిన్లు, ఇందుకు కారణమని ఆ బృందం అభిప్రాయం. తీన్మార్ దెబ్బకు రెండు గంటలు ఎగిరిన కుర్రాళ్లు మర్నాడు తప్ప ఆ రోజు కాళ్లనొప్పులు చెప్పరు.

గుండెల విషయం మరీ ఆసక్తికరం. స్పెయిన్‌లోని సాన్ పెద్రో మాన్రికే అనే చిన్న ఊళ్లో ఏటా జూన్‌లో నిప్పుల మీద నడిచే ఉత్సవం జరుగుతుంది. కొమురవెల్లి మల్లన్న అగ్నిగుండాలు చూసినవాళ్లకు అది కొత్తగా అనిపించదు. అక్కడ నడిచేవాళ్లు ఇంకో మనిషిని వీపున మోస్తూ నడవడం ఆనవాయితీ. ఇవానా కొన్వలింకా, దిమిత్రిస్ జిగలాటస్ తదితరులు నడిచేవాళ్లకు, చూసేవాళ్లకు గుండె వేగం కొలిచే పట్టీలు కట్టి 2011లో ఫలితాలు ప్రచురించారు. నిప్పుల మీద నడిచే మనిషి గుండె వేగం ఎలా పెరిగి తగ్గిందో, ఒడ్డున కూర్చున్న అతని బంధువుల, స్నేహితుల గుండె వేగం కూడా అలాగే పెరిగి తగ్గింది. ఊరికి కొత్తగా వచ్చి చూస్తున్నవాళ్ల గుండెలు అలా నడవలేదు. చూసిన దృశ్యం అందరికీ ఒకటే. కొడుకు బోనం వెంట నడుస్తూ తల్లి తల మీది దీపాన్నే చూస్తుంటే అతని ఒంట్లో జరిగేది, కెమెరా పట్టుకున్న పర్యాటకుడి ఒంట్లో జరిగేది ఒకటి కావని దీన్నిబట్టి ఊహించవచ్చు.

చిన్నదే ఎందుకు

పెద్ద సాయం కన్నా చిన్న ప్రోత్సాహానికి ఒక సౌలభ్యం ఉంది. అది అప్పుగా మిగలదు. నీళ్లు పోసినావిడకు తిరిగి ఏదో చెయ్యాలన్న బరువు బోనం మోసేవాళ్ల మీద పడదు. పాతనగరంలో ఈ మర్యాద ఒక్క మతానిది కాదు. మొహర్రం రోజుల్లో దబీర్‌పురా, దారుల్షిఫా వైపు దారుల్లో వెలిసే సబీళ్లలో నీళ్లు, షర్బత్ ఇచ్చేవాళ్లు తాగేవాడి పేరు అడగరు.

చేసేవాళ్లు తమ చిన్న పని విలువను తక్కువగా లెక్కగడతారన్నది ఇటీవలి పరిశోధనల్లో పదేపదే తేలిన సంగతి. అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ 2022లో ప్రచురించిన అధ్యయనాల్లో ఒకటి షికాగోలో శీతాకాలపు ఐసు స్కేటింగ్ మైదానం దగ్గర జరిగింది. అక్కడికి వచ్చినవాళ్లకు వేడి చాక్లెట్ పానీయం ఇచ్చి, దాన్ని తెలియని మరొకరికి ఇవ్వవచ్చని చెప్పారు. ఇచ్చినవాళ్లు తాము చేసింది అంత గొప్ప పనేమీ కాదనుకున్నారు. అందుకున్నవాళ్లు దాన్ని అంతకన్నా పెద్ద పనిగా లెక్కించారు, వాళ్ల సంతోషం కూడా ఇచ్చినవాళ్ల ఊహను మించింది. కారణం సులువే. ఇచ్చేవాడు వస్తువు విలువ చూస్తాడు, పుచ్చుకునేవాడికి దాని వెనక ఉన్న ఆప్యాయత కూడా అందుతుంది. తెలియని మనిషిని మెచ్చుకోవడం గురించి ఎరికా బూత్‌బీ, వెనెస్సా బోన్స్ 2021లో ప్రచురించిన ప్రయోగాల్లో ఇంకో సంగతి తేలింది. మెచ్చుకోబోయేవాళ్లు అవతలివాళ్లకు ఇబ్బందిగా ఉంటుందేమోనని అనవసరంగా వెనకాడుతున్నారు.

ఇక్కడ ఆనవాయితీ చేసే మేలు కనిపిస్తుంది. మామూలు రోజున తెలియని ఆడమనిషి దగ్గరికి వెళ్లి "బాగ నడుస్తున్నవ్ బిడ్డా" అనాలంటే ఎవరైనా జంకుతారు. బోనాల నాడు నీళ్ల బిందె ఆ జంకును తీసేస్తుంది. ఏం చెయ్యాలో, ఎప్పుడు చెయ్యాలో, ఎంత చెయ్యాలో ముందే నిర్ణయమై ఉంది కాబట్టి సిగ్గరి కూడా సాయం చెయ్యగలదు. ఆచారాలను యాంత్రికమని తీసిపారేసే వాదంలో లోపం ఇదే. యాంత్రికంగా ఉండటం వల్లే మొహమాటస్తులకు కూడా అందులో చోటు దొరుకుతుంది.

చేసేవాళ్లకు దక్కే సంతోషం సంగతి కూడా తక్కువదేం కాదు. ఎలిజబెత్ డన్ బృందం 2008లో ప్రచురించిన ప్రయోగంలో, చేతికిచ్చిన కొద్ది డబ్బును తమ కోసం ఖర్చు పెట్టుకున్నవాళ్లకన్నా ఇతరుల కోసం ఖర్చు పెట్టినవాళ్లు సాయంత్రానికి ఎక్కువ సంతోషంగా ఉన్నారు. మారిషస్‌లో తమిళుల తైపూసం కావడి ఉత్సవం మీద జిగలాటస్ బృందం 2013లో ప్రచురించిన పరిశోధన దీనికి మరో కోణం చేర్చింది. ఒంట్లోకి శూలాలు గుచ్చుకుని కావడి మోసినవాళ్లు ఆ తర్వాత గుడికి ఎక్కువ విరాళం ఇచ్చారు. అయితే ఏమీ గుచ్చుకోకుండా వాళ్ల పక్కన ఆసరాగా నడిచినవాళ్లు కూడా తక్కువేం ఇవ్వలేదు. ఆ ద్వీపంలో అమ్మోరు పండుగ చేసుకునే తెలుగువాళ్లు కూడా తరాలుగా ఉన్నారు. పక్కన నడిచేవాళ్ల అనుభవాన్ని అక్కడి తెలుగు ఉత్సవాల్లోనూ కొలిస్తే బాగుండేది.

ప్రోత్సాహం ఒత్తిడిగా మారే చోటు

ఇంతవరకు చెప్పింది చదివి చుట్టూ జనం చేరి ఉత్సాహపరిస్తే చాలు మేలే జరుగుతుందనుకోవడం పొరపాటు. రిచర్డ్ రయన్, అతని సహచరులు 1993లో ప్రచురించిన అధ్యయనంలో భక్తులను రెండు రకాలుగా చూశారు. ఒకరు తమకు విలువైనదిగా తోచి పూజలు చేసేవాళ్లు. మరొకరు చెయ్యకపోతే ఎవరేమనుకుంటారోనని, తప్పు చేసినట్టు ఉంటుందని చేసేవాళ్లు. బయటికి ఇద్దరి పూజా ఒకటే. మొదటి రకంలో మానసిక ఆరోగ్యం మెరుగ్గా ఉంది, రెండో రకంలో ఆందోళన, కుంగుబాటు ఎక్కువ కనిపించాయి.

ఈ తేడా బోనాల దారిలోనూ ఉంది. "జర ఆగు, నీళ్లు తాగు" అనేది ఒక మాట. "మీ అత్త ఈ వయసుల నిలవకుండ నడిచింది" అనేది ఇంకో మాట. పోతరాజు వేషం కట్టిన కుర్రాడిని ఇంకా గట్టిగా కొట్టుకోమని ఉసిగొల్పే ఈలలు, అమ్మవారికి సమర్పించే రంగుకాగితాల తొట్టెలు పక్క వాడవాటికన్నా తమవే ఎత్తుగా ఉండాలన్న పంతం, అప్పు చేసైనా ప్రసాదం ఊరేగించే ఫలహారం బండి ఘనంగా తీయాలన్న పట్టుదల అన్నీ బయటికి ఉత్సాహంగానే కనిపిస్తాయి. మోసే మనిషి శక్తిని బట్టి అడుగు తగ్గించుకునేది ప్రోత్సాహం, చూసేవాళ్ల సరదాను బట్టి అడుగు పెంచమనేది ఒత్తిడి. డప్పు స్థానంలో వచ్చిన భారీ సౌండ్ పెట్టెలకు ఈ తేడా తెలియదు. వెనక నడిచేవాళ్ల అలసట చూసి అవి లయ మార్చలేవు. ప్రముఖుల రాక కోసం క్యూ ఆపినప్పుడు తల మీద బోనంతో నిలబడిపోయే ఆడవాళ్ల విషయంలోనూ అంతే. ఆ అరగంటలో పక్క మనిషి కుండకు చేయి ఆనించడం తప్ప వేరే ఉపశమనం ఉండదు. చాలామంది చేసేదీ అదే.

కఠినమైన మొక్కులన్నీ హానికరమని కూడా అనలేం. మారిషస్ కావడి భక్తులను సుమారు రెండు నెలలు గమనించి 2019లో ప్రచురించిన మరో అధ్యయనంలో, ఎక్కువ నొప్పిని కోరి భరించినవాళ్ల ఆరోగ్యం దెబ్బతినలేదు, జీవితం మెరుగైందన్న భావన వాళ్లలోనే ఎక్కువ పెరిగింది. దీర్ఘరోగాలున్నవాళ్లు, సమాజంలో అట్టడుగున ఉన్నవాళ్లు ఎక్కువ కఠినమైన మొక్కులను ఎంచుకున్నారు. ఆ మొక్కు తాము ఎంచుకున్నది కావడం, పక్కన తోడు ఉండటం ఈ ఫలితాన్ని చదివేటప్పుడు మర్చిపోకూడని సంగతులు.

పండుగ తర్వాత

ఒక ఆదివారపు అనుభవం ఏడాదంతా నిలుస్తుందా అన్నదానికి చేయూన్ లిమ్, రాబర్ట్ పట్నం 2010లో ప్రచురించిన అమెరికా అధ్యయనం కొంత దారి చూపిస్తుంది. క్రమం తప్పకుండా ప్రార్థనలకు వెళ్లేవాళ్లు జీవితం పట్ల ఎక్కువ తృప్తిగా ఉంటారని అప్పటికే తెలుసు. ఆ తృప్తికి మూలం ప్రార్థనా మందిరంలో ఏర్పడ్డ స్నేహాలేనని వీళ్లు చూపించారు. వారం వారం వెళ్తూ అక్కడ ఒక్క స్నేహితుడూ లేనివాళ్లు, అసలు వెళ్లనివాళ్లకన్నా సంతోషంగా ఏమీ లేరు. అయితే బయటి స్నేహాలు ఎన్ని ఉన్నా ఈ లోటు తీరలేదు. తమ విశ్వాసాన్ని పంచుకునే స్నేహితులే కావలసి వచ్చారు. ఒంటరి భక్తికీ, భక్తి లేని సావాసానికీ దొరకనిది రెండూ కలిసినచోట దొరికింది. ఏకాంత సాధనలో ఆనందం పొందే యోగులు, సూఫీలు ఈ సగటు లెక్కల్లోకి రారు. వాళ్లది వేరే దారి, దానికి వేరే కొలతలు కావాలి.

లాల్‌దర్వాజాలో ఈ సావాసం పండుగకు ముందే మొదలై తర్వాతా సాగుతుంది. చందాల పుస్తకం, తొట్టెలు కట్టే సాయంత్రాలు, ఎవరింట్లో ఎవరికి జ్వరమో తెలిసి ఉండటం దీన్ని నిలిపి ఉంచుతాయి. పాతనగరం వదిలి శివార్ల అపార్ట్‌మెంట్లకు తరలిపోయిన కుటుంబాలు ఆ ఆదివారం తిరిగి వచ్చి ఇక్కడి నుంచే బోనం ఎత్తడానికి కారణం అమ్మవారి మీది నమ్మకం ఒక్కటే కాదు. ఆ అపార్ట్‌మెంట్లలో గడప దగ్గర కుండ ఎత్తిపెట్టే మనిషిని వెతుక్కోవాలి. లండన్ లాంటి నగరాల్లో తెలంగాణ సంఘాలు జరిపే బోనాల్లో ఆ పని సంఘం సభ్యులు పంచుకుంటారు. ఊరి వావివరుసలు లేనిచోట వాటిని అక్కడికక్కడ కట్టుకుంటారు.

నడవలేని వృద్ధులకు ఈ ఏర్పాటులో ఉన్న చోటు ప్రత్యేకంగా చెప్పుకోవాలి. బోనం మోసే వయసు దాటినావిడను ఇంటి ముందు కుర్చీలో కూర్చోబెడతారు, పక్కన నీళ్ల బిందె పెడతారు. దారిన పోయే బోనం ఆమె ముందు ఆగుతుంది. ఆమె చెంబుతో నీళ్లు పోస్తుంది, ఒక మాట అంటుంది. సాయం పుచ్చుకునే స్థితిలో ఉన్న మనిషిని సాయం చేసేవాళ్ల వరుసలో నిలిపే పద్ధతి ఇది. ఇటు చివర చిన్నపిల్లలున్నారు. ఏడెనిమిదేళ్ల ఆడపిల్లల తల మీద అరచేతిలో పట్టేంత చిన్న కుండ పెట్టి, తల్లుల ముందు నాలుగడుగులు నడిపిస్తారు. కుండ జారితే పట్టుకోవడానికి వెనక ఎవరో ఒకరు చేతులు చాచి నడుస్తూనే ఉంటారు. కొన్నేళ్లకు ఆ పిల్లకు పెద్ద కుండ వస్తుంది, అప్పటికి తన చెల్లెలి వెనక చేతులు చాచి నడవడం కూడా ఆమెకు అలవాటై ఉంటుంది.